దృష్టిభ్రమ కళ: డిజిటల్ తెర, తెలుగు చూపు

కొలబద్ద ఒకటి చెబుతుంటే కన్ను ఇంకొకటి చెప్పడమే దృష్టిభ్రమ. ఆ తేడానే ముడిసరుకుగా తీసుకొని చేసే కళ దృష్టిభ్రమ కళ. రాతి మీదా, గుడ్డ మీదా, వాకిట్లో పిండితోనూ ఇది ఎప్పటినుంచో ఉన్నదే. 1960లలో కంప్యూటరు దీనికి కొత్త పనిముట్టయింది. గీత మందాన్ని, చుక్కల ఎడాన్ని, రంగు వెలుగును అంకెల్లో పెట్టుకొని, ఒక్కో అంకెనూ కొంచెం కొంచెంగా మార్చి చూసుకునే వీలు అంతకుముందు ఏ చిత్రకారుడికీ లేదు. ప్రయోగాత్మక డిజిటల్ కళలో ఈ శాఖ అంతగా పెరగడానికి కారణం అదే.

సినిమా గ్రాఫిక్స్‌ను కూడా కొందరు ఇందులోనే కలిపేస్తారు. కలపకూడదు. అతుకు కనిపించకపోతేనే గ్రాఫిక్స్ నెగ్గినట్టు. దృష్టిభ్రమ కళలో మాత్రం చూసేవాళ్లు తమ కన్ను మోసపోతున్న సంగతి పసిగట్టాలి; పసిగట్టకపోతే ఆ బొమ్మ ఓడిపోయినట్టే. ఈ రెంటికీ నడుమ నిలిచిన సినిమా తెలుగులోనే ఉంది. దాని సంగతి తరువాత.

తెలిసినా పోని భ్రమ

భ్రమ గురించి మన దగ్గర జరిగిన చర్చ చాలా పాతది. మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం అద్వైతంలో అందరూ ఎత్తే ఉదాహరణ. దీపం తెస్తే పాము పోతుంది, మళ్లీ రమ్మన్నా రాదు. ఇది నిరుపాధిక భ్రమ. వేదాంతులు సోపాధిక భ్రమ అని రెండో రకాన్ని కూడా చెప్పారు. స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. దానికి రంగు లేదని తెలిసిన పండితుడికీ ఎర్రగానే కనిపిస్తుంది. పువ్వు అక్కడ ఉన్నంతసేపూ ఆ ఎరుపు పోదు. ఎండమావీ అంతే, నీళ్లు కావని తెలిసినా మెరుస్తూనే ఉంటుంది. దృష్టిభ్రమ కళ పట్టుకున్నదంతా ఈ రెండో రకాన్నే. జ్ఞానంతో తొలగిపోయే భ్రమ ఒక్కసారికే పనికొస్తుంది. తెలిసినా తొలగనిదైతే గోడకు తగిలించి రోజూ చూడొచ్చు.

1889లో ఫ్రాంజ్ ముల్లర్-లయర్ చూపించిన జంట గీతలు ఈ రకానివే. రెండు గీతలూ సమానం. ఒకదాని కొసలకు లోపలికి మడిచిన రెక్కలు, రెండోదానికి బయటికి చాచిన రెక్కలు. కొలిచి చూశాక కూడా రెండోదే పొడుగ్గా కనిపిస్తుంది. 1995లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ ఏడెల్సన్ కంప్యూటరుతో ఒక చదరంగం బల్లను గీశారు. దాని మీద ఒక స్తంభం నీడ పడుతుంది. నీడలో ఉన్న తెల్ల గడీ, బయట ఉన్న నల్ల గడీ నిజానికి ఒకే బూడిద రంగు. ఎంతసేపు చూసినా నమ్మబుద్ధి కాదు. బొమ్మను ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగు పట్టే పనిముట్టుతో రెండు గడులనూ తాకితే ఒకే అంకె వస్తుంది. మోసాన్నీ, దాని సాక్ష్యాన్నీ ఒకే తెర మీద పెట్టగలగడం డిజిటల్ బొమ్మకే కుదిరింది.

ఈ మోసం కంటి లోపం కాదు. కంటిలోకి వచ్చే వెలుగులో వస్తువు రంగూ, దాని మీద పడే వెలుతురూ కలిసిపోయి ఉంటాయి. ఏది ఎంతో మెదడు అంచనా కట్టుకోవాలి. నీడలో ఉన్నది కనుక అసలు ఇంకా తెల్లగా ఉండాలని లెక్కేసి, ఆ లెక్కనే మనకు చూపిస్తుంది. 19వ శతాబ్దంలో శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని మనకు తెలియకుండా జరిగే అనుమాన ప్రమాణంగా చెప్పారు. అంటే ఊహ అనేది చిత్రకారుడి సొత్తు మాత్రమే కాదు. చూసేవాడి తలలో అది రెప్పపాటు కూడా ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. దృష్టిభ్రమ కళాకారుడు దాన్ని పక్కదారి పట్టించి, అది ఉందని మనకు తెలిసేలా చేస్తాడు.

స్ఫటికం, మందారం కథ పండ్ల అంగట్లో కూడా నడుస్తుంది. ఎర్ర వల సంచిలో పోసిన నారింజలు ఉన్నదానికన్నా ఎర్రగా, బాగా పండినట్టు కనిపిస్తాయి. వల దారాల రంగు సందుల్లోని పండు రంగులోకి పాకినట్టవుతుంది. ఈ సూత్రంతోనే అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ నోవిక్ కొన్ని గోళాల బొమ్మలు చేశారు. గోళాలన్నీ ఒకటే రంగు. వాటి మీదుగా వెళ్లే చారల రంగును బట్టి ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, ఒకటి ఊదాగా తోస్తుంది. చారలు చెరిపేస్తే అన్నీ ఒకేలాంటి గోళాలు.

చుక్కలు, దారాలు, మామిడి వరసలు

డిజిటల్ బొమ్మ అంటే గడుల్లో అమర్చిన చుక్కలే. చుక్కలతో బొమ్మ కట్టడం తెలుగు వాకిళ్లకు కొత్త కాదు. సంక్రాంతి ముగ్గుల పుస్తకాల్లో "15 చుక్కలు, 8 వరకు సందు చుక్క" అని ఒక్క వాక్యం ఉంటుంది. నడిమి వరుసలో 15, దానికి పైనా కిందా 14, 13 అంటూ తగ్గిస్తూ 8 దాకా పెట్టాలి. మొత్తం 169 చుక్కలు, ఆరు పలకల ఆకారం. ఎన్నిసార్లు ఎంత తగ్గించాలో, ఎక్కడ ఆగాలో చెప్పే ఆ వాక్యం ప్రోగ్రాము కాక మరేమిటి! సందు చుక్కల మీద పక్కపక్క చుక్కల్ని కలిపి ఏటవాలు పలకలు వేసుకుంటూ పోతే, మూడు పలకలు కలిసిన ప్రతిచోటా ఒక పెట్టె లేస్తుంది. తదేకంగా చూస్తుంటే బయటికి పొడుచుకొచ్చిన మూల లోపలి మూలగా మారిపోతుంది. 1832లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త లూయీ నెకర్ స్ఫటికాల బొమ్మలు గీస్తూ గమనించి రాసిన తిరగబడే ఘనం ఇలాంటిదే. మూడు పలకలకూ మూడు రంగులు వేస్తే వాకిట్లో మెట్లు కట్టినట్టుంటుంది.

మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ ముగ్గుల అమరికను కంప్యూటరుకు అర్థమయ్యే వ్యాకరణంగా రాసి 1974లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. అరవంలో కోలం అన్నా మనం ముగ్గు అన్నా ఆ సూత్రాలు ఒకటే. దక్షిణాదిలో డిజిటల్ కళ చరిత్ర రాసేవాళ్లు ఈ వ్యాసం దగ్గర మొదలుపెట్టడం న్యాయం.

పోచంపల్లి, పుట్టపాక నేతలోనూ లెక్క ఇదే. ఇక్కత్ పద్ధతిలో గుడ్డ నేశాక రంగు వేయరు. నేయబోయే దారానికే, ఎక్కడ ఏ రంగు రావాలో లెక్కగట్టి, ముడులు కట్టి, అద్దకం వేస్తారు. గళ్ల కాగితం మీద గీసుకున్న నమూనాయే దీనికి ఆధారం. పడుగూ పేకా కలిసే చోటల్లా ఒక చుక్క. కట్టు అంచుల కింద రంగు కాస్త ఊరుతుంది కనుక గళ్ల అంచులు పదునుగా ఉండవు. చూస్తున్నకొద్దీ అంచు వణుకుతున్నట్టు ఉండటం దానివల్లే. పాశ్చాత్య దేశాల్లో దృష్టిభ్రమ కళకు ఆప్ ఆర్ట్ అనే పేరు పుట్టక ముందే, ఇక్కత్ పద్ధతిలో నేసే తేలియా రుమాలు గళ్లు ఆ పని చేస్తున్నాయి. కానీ ఆ వణుకు నేతగాడు కోరి తెచ్చిందా, అద్దకంతో వచ్చినదాన్ని మెచ్చి ఉంచుకున్నదా అన్నది వేరే చర్చ. రెండోదే నిజానికి దగ్గరగా తోస్తుంది.

బొమ్మ కోసమని మనిషి చేయనిదీ, అయినా అచ్చంగా దృష్టిభ్రమ పాఠంలా పనికొచ్చేదీ ఏలూరు జిల్లా ముసునూరు మండలంలో ఉంది. నూజివీడు నుంచి ముసునూరు, చుట్టుపక్కల ఊళ్ల మీదుగా పోతుంటే రోడ్డు పక్కన బంగినపల్లి, రసాల తోటలు. పాత పద్ధతిలో మామిడి మొక్కలు చదరంగా పెడతారు, అటూ ఇటూ సుమారు 10 మీటర్ల ఎడం. బస్సు కదులుతుంటే ఆ వరసలు విసనకర్రలా ఒక్కొక్కటే విచ్చుకొని మూసుకుంటాయి. నేరుగా చూసినప్పుడు సాళ్ల మధ్య ఎడం 10 మీటర్లు. 45 డిగ్రీల ఏటవాలుగా చూసే క్షణంలో కొత్త సాళ్లు పుడతాయి, వాటి మధ్య ఎడం 7 మీటర్ల చిల్లరే. ఇంకాస్త తిరిగితే నాలుగున్నర మీటర్ల సాళ్లు. రైతు పెట్టింది ఒక్క అమరికే, చూసేవాడికి దొరికేవి ఎన్నో. చూపును తోట నడిమి చెట్టు మీద నిలిపితే ముందు చెట్లు వెనక్కి పరుగెడతాయి, వెనక చెట్లు మనతో పాటు వస్తాయి. దగ్గర, దూరం పోల్చుకోవడానికి మెదడు వాడే గుర్తుల్లో ఇది ముఖ్యమైనది. కార్టూన్ సినిమాల్లో, వీడియో గేముల్లో వెనక పొరను నెమ్మదిగా, ముందు పొరను వేగంగా జరిపి బల్లపరుపు తెరకు లోతు తెప్పించేది కూడా దీనితోనే. కొమ్మలు కలిసిపోయిన ముదురు తోటలో ఇదేమీ కనిపించదు. లేత తోటే చూడాలి.

నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది; అక్కడి విద్యార్థులు దీన్ని తెర మీద కట్టి చూడొచ్చు. చదరపు తోటను తెర మీద చుక్కలుగా పెట్టి, చూసేవాడి స్థానాన్ని జరిపే ప్రోగ్రాముకు నిండా ఒక పేజీ కోడ్ కూడా అక్కర్లేదు. కళాకారుల కోసమే కేసీ రీస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టిన ప్రాసెసింగ్ లాంటి ఉచిత భాషలు ఇందుకు సరిపోతాయి.

రాతి నుంచి వెండితెరకు

మన శిల్పులకు ఈ విద్య తెలుసు. అమరావతి స్తూపం నుంచి మద్రాసు మ్యూజియానికి చేరిన ఒక గుండ్రటి ఫలకంలో నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి మనుషుల్ని తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్య కదలికను మనమే పూరించుకుంటాం. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయంలో ఒకే ఆవు ఒంటికి మూడు తలలు చెక్కారు. ఏ రెండు తలల్ని చేత్తో మూసినా మిగిలిన బొమ్మ నిండైన ఆవే. తమిళనాట దారాసురంలో ఎద్దూ ఏనుగూ ఒకే తలను పంచుకుంటాయి.

తోలుబొమ్మలాటలో వెలుగు కూడా పనిముట్టు అవుతుంది. మేకతోలును పలచన చేసి, రంగులద్ది, చిల్లులు పొడిచి చేసిన బొమ్మను తెరకు అదిమితే గీత పదునుగా పడుతుంది. తెర నుంచి దీపం వైపు జరిపితే నీడ పెద్దదై, అంచులు కరిగిపోతాయి. రావణుడు పెరగడం, హనుమంతుడు దూరాన మాయం కావడం ఆ కొద్దిపాటి ఎడంలోనే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా బతికే ఉంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇక ఆ సినిమా. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. ద్వారకను చూపడానికి విద్యుద్దీపాలు పెట్టిన సుమారు 300 బుల్లి ఇళ్లతో నమూనా నగరం కట్టారు. అది దాచిపెట్టే మాయ. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి వెళ్లడం దాచని మాయ. దాన్ని నిజమనుకొని ఎవరూ చూడలేదు, కిటుకు ఉందని తెలిసే నవ్వారు. దాచే మాయా దాచని మాయా ఒకే సినిమాలో తగువు పడకుండా ఇమిడిపోవడం దాని ప్రత్యేకత.

అందులో డిజిటల్ కళ చదివేవాళ్లు ఆగి చూడాల్సిన వస్తువు ప్రియదర్శిని. ఆ పేటిక తెరిచినవాళ్లకు తమకు బాగా ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. పేటిక ఒకటే, బొమ్మ మాత్రం చూసేవాడిని బట్టి. ఎదురుగా ఎవరు నిలబడ్డారో కెమెరాతో గుర్తించి దాన్నిబట్టి తెరను మార్చే నేటి ఇంటరాక్టివ్ కళ కోరేది అచ్చంగా ఇదే. కళలో చూసేవాడి వాటా ఎంత అన్న చర్చకు కళా చరిత్రకారుడు ఎర్నెస్ట్ గోంబ్రిచ్ 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్' పుస్తకంతో ఊపిరిపోసింది 1960లో, ఈ సినిమా వచ్చిన మూడేళ్లకు.

బార్ట్‌లీ వెన్నెల గురించి తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజం వెన్నెల్లో ఆనాటి ఫిల్ము మీద బొమ్మ పడదు కనుక ఆ వెన్నెలంతా కల్పనే. నలుపు తెలుపుల్లో అది అంత బాగా పండటానికి కంటి తీరు కూడా ఒక కారణం. వెన్నెల్లో మన కంటికి రంగులు దాదాపు తెలియవు. తక్కువ వెలుగులో పనిచేసే కణాలు రంగు పోల్చుకోలేవు. కనుక బూడిద రంగు బొమ్మే అసలు వెన్నెలకు దగ్గర. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ సినిమాకు కంప్యూటరుతో రంగులద్దగా, ఆ ప్రతి 2010 జనవరి 30న విడుదలైంది. సాంకేతికంగా అది పెద్ద పనే. కానీ రంగు వేయడమంటే రాత్రికి కూడా ఏదో ఒక రంగు ఎంచుకోక తప్పదు. చూసేవాడి ఊహకు వదిలిన చోటును అది ఆక్రమిస్తుంది. వెన్నెల పాట వరకైనా పాత ప్రతే మేలు.

తరువాత హైదరాబాదు గ్రాఫిక్స్ చాలా దూరం వెళ్లింది. 'ఈగ'కూ, 'బాహుబలి' రెండు భాగాలకూ జాతీయ స్థాయిలో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారాలు వచ్చాయి. అవన్నీ దాచే మాయలో సాధించిన గెలుపులు.

కంప్యూటరు చేతికొచ్చాక

తొలి ప్రయోగాలు చిత్రకళా విద్యాలయాల్లో కాదు, ప్రయోగశాలల్లో జరిగాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో బేలా యూలెస్ 1960 నాటికే కంప్యూటరుతో చెల్లాచెదురు చుక్కల జంట బొమ్మలు చేశారు. ఏ ఒక్కదాన్ని చూసినా అర్థం లేని చుక్కలే. ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే మధ్యలో ఒక చదరం గాల్లో తేలుతుంది. ఆ చదరానికి గీత లేదు, అంచు లేదు. రెండు కళ్లూ కలిసి కల్పించినదే అది. అక్కడే మైకేల్ నోల్ 1964లో చిత్రకారుడు మాండ్రియన్ బొమ్మ ఒకదాని తరహాలో కంప్యూటరుతో గీతల బొమ్మ చేశారు. రెండూ చూపించి ఏది బాగుందని అడిగితే ఎక్కువమంది కంప్యూటరు బొమ్మనే మెచ్చారు. 1965లో న్యూయార్క్ మోమా మ్యూజియం 'ది రెస్పాన్సివ్ ఐ' ప్రదర్శనతో చిత్రకారులు బ్రిజెట్ రైలీ, విక్టర్ వాసరెలీల పేర్లు జనంలోకి వెళ్లాయి. వాళ్ల చిత్రాలు మాత్రం చేత్తో చేసినవే. 1968 నుంచి చిత్రకారిణి వేరా మోల్నార్ కంప్యూటరుతో చదరాలు గీయిస్తూ, క్రమంలో ఒక్క శాతం అలజడి కలిపితే ఏమవుతుందో చూశారు. డిజిటల్ కళలో ఊహకున్న చోటు ఏమిటని అడిగేవాళ్లకు ఆమె చదరాలు చూపిస్తే చాలు.

జపాన్ మనస్తత్వ శాస్త్రవేత్త అకియోషి కితావోకా 2003లో చేసిన 'రొటేటింగ్ స్నేక్స్' ఈ రంగంలో అందరూ చూసిన బొమ్మ. కదలని బొమ్మలో చక్రాలు తిరుగుతాయి. నలుపు, నీలం, తెలుపు, పసుపు ఆ వరుసలో రావడంలోనే కీలకముంది. చూపును ఒకచోట గట్టిగా నిలిపితే చక్రాలు ఆగుతాయి, కన్ను కదిలితే తిరుగుతాయి. కొందరికి అసలు తిరగవు. వాళ్ల కంట్లో దోషం ఉందని కాదు.

తిరునాళ్ల ప్రభలు

గ్యాలరీల మాట అటుంచితే, తెలుగు నేల మీద జనం మధ్య ఉన్న డిజిటల్ దృష్టిభ్రమ కళ ఏదంటే తిరునాళ్ల లైటింగు. పల్నాడు జిల్లా కోటప్పకొండకు మహాశివరాత్రి నాడు చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లు విద్యుత్ ప్రభలు కట్టుకొని వస్తాయి. 80 అడుగులు దాటినవీ ఉంటాయి. ఆ ఎత్తు చట్రం మీద వేల బల్బులు. చక్రం తిరుగుతుంది, నెమలి పురి విప్పుతుంది, జలపాతం జారుతుంది. నిజానికి ఒక్క బల్బు కూడా అంగుళం కదలదు.

దీని వెనక సంగతిని 1912లో మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వర్తైమర్ పరిశోధించారు. పక్కపక్కనే రెండు గీతలు ఒకదాని తరువాత ఒకటి వెలిగితే, మధ్య విరామం సెకనులో 30వ వంతుకు దగ్గరైతే రెండూ ఒకేసారి వెలిగినట్టుంటుంది. ఐదో వంతయితే వేరువేరుగా వెలిగినట్టుంటుంది. ఈ రెంటి నడుమ, 60 మిల్లీసెకన్ల దగ్గర, వెలుగు ఇక్కడి నుంచి అక్కడికి గెంతినట్టు కనిపిస్తుంది. స్కూలు పుస్తకాలు సినిమా కదలికకు కూడా కంట్లో బొమ్మ నిలిచిపోవడమే కారణమని చెప్పి ఊరుకుంటాయి. అది సరిపోదు. నిలిచిపోతే రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడాలి, కదలకూడదు. కదలికను కల్పించేది మెదడు.

పాతరోజుల్లో ఇలాంటి లైటింగుకు మోటారుతో తిరిగే రోలరు వాడేవాళ్లు. రోలరు మీద రాగి పట్టీలు అతికించి, ఏ వరుస తీగకు ఎప్పుడు కరెంటు అందాలో పట్టీ పొడవుతో తేల్చేవాళ్లు. ఇప్పుడు ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో అంకె. బొమ్మను కంప్యూటరులో కట్టి, మెమరీ కార్డులో వేసి, కంట్రోలరుకు తగిలిస్తారు. పాత రోలరు కూడా, పట్టీ ఉందా లేదా అన్న రెండే మాటలతో నడిచింది కనుక, ఒక విధంగా డిజిటలే. ఈ పనివాళ్లను ఎలక్ట్రీషియన్లనే అంటున్నాం. విదేశాల్లో ఇదే పని చేసినవాళ్లకు మ్యూజియంలు గదులు కేటాయిస్తున్నాయి.

మెరుపుల్లో ఒక ప్రమాదముంది. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం సెకనుకు 12 సార్ల దాకా మారుతూ మెరవడంతో ఆరు వందల మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఫిట్స్ లాంటి లక్షణాలతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ తరువాత తెర మీద సెకనుకు మూడు మెరుపులకు మించకూడదన్న నియమం చాలాచోట్ల పాటిస్తున్నారు. తిరునాళ్ల లైటింగు కట్టేవాళ్లకూ ఈ లెక్క తెలియాలి.

యంత్రం కన్ను

2023లో కృత్రిమ మేధ ఈ రంగంలోకి దిగింది. సుడి తిరిగిన గీతల ఆకారంలో ఒక పల్లెటూరి బొమ్మ ఆ సెప్టెంబరులో ప్రపంచమంతా తిరిగింది. దగ్గరి నుంచి ఇళ్లు, వీధులు. కళ్లు చికిలిస్తే సుడి. ఆ ఏడాది చివర్లోనే మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తలకిందులు చేస్తే ఇంకో బొమ్మగా మారే చిత్రాలను యంత్రంతో గీయించారు. చమత్కారం చాలా ఉంది, కళ ఇంకా తక్కువే. లేపాక్షి శిల్పి మూడు తలల్ని ఒకే మెడ మీద అతకడానికి పడ్డ కష్టం ఆ బొమ్మలో తెలుస్తుంది. ఇక్కడ యంత్రం వంద బొమ్మలు గీస్తే మనం ఒకటి ఏరుకుంటాం. దీనికన్నా ఆసక్తికరమైనది యంత్రానికి కలిగే భ్రమ. మనిషి కంటికి అందనంత సన్నటి చుక్కల అలజడి కలిపితే, పాండా ఫోటోను చూసి కంప్యూటరు గిబ్బన్ కోతి అని ఘంటాపథంగా చెప్పడం 2014లోనే చూపించారు. మనకు కనబడని దృష్టిభ్రమ అది. దాన్ని కళగా మలిచే ప్రయత్నాలు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి.

యంత్రం కన్నుతో వచ్చే చిక్కు ప్రభల దగ్గర కూడా ఉంది. ఎల్‌ఈడీల వెలుగు తగ్గించి చూపడానికి వాటిని సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తారు. మన కన్ను దాన్ని పట్టుకోదు, ఫోను కెమెరా పట్టుకుంటుంది. అందుకే చాలా వీడియోల్లో ప్రభ మీద నల్ల పట్టీలు జారుతుంటాయి, నెమలి ఈకలు తెగిపోతాయి. షట్టర్ వేగాన్ని 1/50 సెకనుకు తగ్గిస్తే ఈ పట్టీలు చాలావరకు పోతాయి. అయితే వీడియో ఒక్కటే చాలదు. దానితో పాటు కంట్రోలరులో వేసిన ఫైలును, బల్బుల అమరిక పటాన్ని కూడా దాచితేనే, చట్రం విప్పేశాక ఆ ప్రభను మళ్లీ వెలిగించుకోవచ్చు.